నేల యజమాని సమ్మతి – ప్రభుత్వపు తనిఖీ

పాఠశాల వార్షిక సంచికలో గనుల శాసనములను గూర్చిన వ్యాసమేల యని కొందరు తల్లిదండ్రులకు తోచవచ్చును. అట్లు తోచుట సహజమే. అయినను ఈ విషయమును మేము ఎన్నుకొనుటకు కారణము కలదు. మన పాఠశాలకు పిల్లలను పంపు కుటుంబములలో పెక్కింటికి తిరుత్తణి, పళ్లిపట్టు, ఊత్తుకోట, తిరువళ్లూరు ప్రాంతములలో ఒకటి రెండెకరముల పొలమో, మెట్టయో, బండతో కూడిన బీడో కలదు. చెన్నపట్టణము పెరిగిన కొలది దానికి కంకర, గ్రావెలు, సవుడు మట్టి, ఇటుక కావలసి వచ్చుచున్నవి. అవి ఆకాశమునుండి రావు. మన వంటివారి పొలములనుండియే పోవలయును. కనుక ఏదో యొకనాడు ఎవరో యొకరు ఒక కాగితముతో మన గడపకు వచ్చి, "ఇచ్చట సంతకము చేయుడు" అని యడుగుట జరుగును. ఆ కాగితమేమి, దానిపై సంతకము చేసిన పిదప మనకు మిగులు హక్కేమి, ప్రభుత్వము వచ్చి ఏమి చూడగలదు అను మూడు సంగతులను తెలిసికొనుటయే ఈ పాఠము యొక్క ప్రయోజనము.

కొంతకాలము క్రిందట మాకు పరిచితుడైన ఒక రైతు అట్టి కాగితమును తీసికొని మాయొద్దకు వచ్చెను. అది రాళ్ల క్వారీకి భూమి నిచ్చుటకు వ్రాసిన సమ్మతి పత్రము. కచేరి తమిళములో ముద్రింపబడియుండెను. ఆయన తమిళము చక్కగా మాటలాడును గాని చదువలేడు. బండ యున్న చెక్క మాత్రమే యిచ్చుచున్నాననియు, మడి తన దగ్గరనే యుండుననియు ఆయన నమ్మకము. ఏడవ తరగతి చదువుచున్న ఆయన కుమార్తె ఆ పత్రమును బిగ్గరగా చదివెను. అందు ఒకటి గాక రెండు సర్వే నెంబర్లు కనబడెను. ఇంటిలో ట్రంకుపెట్టె యడుగున తాతగారి నాటి దస్తావేజు కలదు. అది తెలుగులో వ్రాయబడినది. దానిని గూడ ఆ బాలికయే చదివి, నాలుగు ఎల్లలను గ్రామపటముతో సరిచూచినది. రెండవ నెంబరు బావితో కూడిన మడి యని తేలెను. ఆ దినము సంతకము జరుగలేదు. పత్రము మార్చిన పిమ్మటనే జరిగెను.

ఇందులో ఎవరు మోసము చేయదలచిరి, ఎవరు పొరబడిరి అను విచారణ మాకు పనిలేదు. ఆ బాలిక రెండు భాషలను చదువగలిగియుండుటచే ఒక కుటుంబము యొక్క మడి నిలిచినది. మాకు ముఖ్యమైనది అదియే.

1. ఉపరితల గని యన నేమి?

భూమిలోనికి బావివలె దిగి, సొరంగములు చేసి ఖనిజమును తీయుట ఒక పద్ధతి. పై నేలను, మట్టిని, రాతిని పూర్తిగా తొలగించి, ఆకాశము క్రిందనే త్రవ్వుట రెండవ పద్ధతి. రెండవదానిని ఉపరితల గని యందుము. బొగ్గు ప్రాంతములలో దీనిని ఓపెన్ కాస్టు అని పిలుతురు. మన జిల్లాలోని కంకర క్వారీ, గ్రావెలు గుంట, సవుడు త్రవ్వకము ఇవన్నియు పరిమాణమున చిన్నవైనను జాతిచేత ఉపరితల గనులే.

ఈ భేదము పొలము గలవానికి మిక్కిలి ముఖ్యము. సొరంగపు గనియైనచో పైన పైరు పండవచ్చును. క్రింద త్రవ్వకము సాగవచ్చును. ఉపరితల గనిలో నట్లు కాదు. పైనేల పోయిన తరువాతనే లోని సరుకు చేతికి వచ్చును. వేల యేండ్లకు తయారైన జానెడు సారవంతమైన మన్ను ఒక్క పూటలో టిప్పరు కెక్కును. కావున సమ్మతి యను మాటకు ఇచ్చట గల బరువు మరియొకచోట లేదు.

2. నేల మనది, లోనిది ఎవరిది?

"పట్టా నా పేర ఉన్నది, కాబట్టి పాతాళము వరకు నాదే" అని కొందరందురు. "భూమిలోని దంతయు సర్కారుదే" అని మరికొందరందురు. రెండును పూర్తిగా సరికావు.

2013 జూలైలో సుప్రీంకోర్టు త్రేసియమ్మ జేకబ్ అను కేసులో, మలబారు ప్రాంతపు జన్మ భూములను గూర్చి తీర్పు చెప్పుచు, లోని ఖనిజముల యాజమాన్యము సాధారణముగా పైనేల యాజమాన్యమునే యనుసరించుననియు, చట్టసమ్మతమైన విధానమున యజమానినుండి తీసికొననిచో అది యతనిదే యనియు నిర్ణయించినది. అయినను తనదైన ఖనిజమును సయితము శాసనము విధించిన అనుమతి లేక త్రవ్వి యమ్ముకొనుటకు వీలులేదు. యాజమాన్యము వేరు, త్రవ్వుటకు అనుమతి వేరు.

మన తిరుత్తణి సీమకు మరియొక చరిత్ర కలదు. ఇచ్చటి గ్రామములు పెక్కు పూర్వము కార్వేటినగరము జమీనులోనివి. 1948లో మద్రాసు ప్రభుత్వము చేసిన ఎస్టేటుల రద్దు శాసనము జమీనులను స్వాధీనము చేసికొన్నపుడు, పోరంబోకులతోను చెరువులతోను పాటు గనులు, ఖనిజములు, క్వారీలు గూడ ప్రభుత్వమునకు చెందునని పేర్కొన్నది. ఆ పిదప రైతునకు రైతువారీ పట్టా వచ్చినది. అందుచేత ప్రక్క ప్రక్కనే యున్న రెండు గ్రామములలో, ఒకదానిలో బండ రైతుదిగను, మరియొకదానిలో సర్కారుదిగను ఉండుట సంభవమే. 1959 నాటి తమిళనాడు చిన్నతరహా ఖనిజముల రాయితీ నియమములు ఈ రెండు తరగతుల పట్టా భూములను వేర్వేరుగా చెప్పుచున్నవి.

కనుక తండ్రులు మొదట తెలిసికొనవలసినది తమ భూమి ఏ తరగతికి చెందినదో. దీనికి పాత కాగితములే దారి. తిరుత్తణి తాలూకా 1960 మార్చి ఆఖరు వరకు ఆంధ్రప్రదేశమున చిత్తూరు జిల్లాలో నుండెను. పటాస్కరు గారి నిర్ణయమును పురస్కరించుకొని చేసిన శాసనముచే 1960 ఏప్రిల్ 1వ తేదీనాడు మద్రాసు రాష్ట్రమున చెంగల్పట్టు జిల్లాలో చేరినది. సత్యవేడు ప్రాంతము ఆంధ్రప్రదేశమునకు పోయినది. 1997లో చెంగల్పట్టు విడిపోగా తిరువళ్లూరు జిల్లా యేర్పడినది. అందువలన మన యిండ్లలో తాతల నాటి దస్తావేజులు తెలుగులోను, తండ్రుల నాటివి తమిళములోను ఉండుట కద్దు. ఒక్క భాష మాత్రమే వచ్చినవానికి తన పొలము యొక్క కథ సగమే తెలియును.

3. సమ్మతి

1957 నాటి గనులు, ఖనిజముల శాసనము ప్రకారము కౌలు గాని అనుమతి గాని లేక ఎవడును గని త్రవ్వరాదు. ఇంటి రాయి, గ్రావెలు, సాధారణపు మన్ను, ఇసుక మొదలగువానిని ఆ శాసనము చిన్నతరహా ఖనిజములని పిలిచి, వానిని గూర్చి నియమములు చేయు అధికారమును రాష్ట్రముల కిచ్చినది. బొగ్గు మొదలగు పెద్ద ఖనిజములపై ప్రధానాధికారము కేంద్రముది.

పెద్ద ఖనిజములకై 1960లో చేసిన రాయితీ నియమములలో ఒక యంశము చూడదగినది. గని కౌలు కోరువాడు భూమి తనది కానిచో, పైనేల హక్కును సంపాదించితిననియో, యజమాని సమ్మతిని పొందితిననియో వ్రాతమూలముగ చెప్పవలయును. కౌలు పత్రము వ్రాసిన తరువాతనైనను చూపవచ్చును గాని, ఆ నేలలో అడుగు పెట్టుటకు ముందే సమ్మతి యుండి తీరవలయునని ఆ నియమము. అనగా, లోని ఖనిజము సర్కారుదైనను పైనేల యజమానిని దాటి పోరాదను న్యాయము దానిలో నిమిడియున్నది. పట్టా భూమిలో ఇతరుడు క్వారీ పెట్టునపుడు యజమానినుండి వ్రాత కోరుటయు ఈ న్యాయమును బట్టియే.

శాసనము 24-ఏ అంశములో, త్రవ్వువాడు పైనేలకు కలిగించిన నష్టమునకు పరిహార మీయవలసినవాడని కలదు. సమ్మతి యిచ్చుటతో పరిహారపు హక్కు పోదు. కాని సమ్మతి పత్రములోనే "ఇకపై ఏ పరిహారమును కోరను" అను వాక్యము చేర్చినచో తగవు పెరుగును. కాబట్టి చిన్న అక్షరములను గూడ చదువవలయును.

సమ్మతి యున్నను చాలని చోటు గూడ నున్నది. విశాఖపట్టణపు మన్యములో గిరిజనుల సీమలందు ప్రైవేటు సంస్థలకు గని కౌలు లిచ్చుటపై సమతా అను సంస్థ నడపిన వ్యాజ్యములో, 1997 జూలైలో సుప్రీంకోర్టు, షెడ్యూలు ప్రాంతములలో గిరిజనేతరులకు అట్టి కౌలు లీయరాదని తీర్పు చెప్పినది. ప్రభుత్వము సయితము ఆ నిషేధమునకు లోబడినదే యని యన్నది. బలహీనునిచేత "ఔను" అనిపించుట సులభము. అందుచేతనే కొన్ని తావులలో శాసనము అతని "ఔను"ను గూడ చెల్లనీయదు.

4. సమ్మతి యడుగని చోటు – బొగ్గు భూములు

ఇక బొగ్గు మాట. మన తెలుగువారి బొగ్గు సింగరేణిది. 1871లో విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడినది. నేడు దానిలో తెలంగాణ ప్రభుత్వమునకు 51 వంతులు, కేంద్రమునకు 49 వంతులు భాగము. పూర్వము కార్మికులు "బాయి" లోనికి దిగి పనిచేసిరి. నేడు ఆ సంస్థ తీయు బొగ్గులో అత్యధిక భాగము ఓపెన్ కాస్టు గనులదే. గోదావరి లోయలో రామగుండము, మణుగూరు, సత్తుపల్లి, భూపాలపల్లి వైపు పోయినవారు గుట్టలవలె పేర్చిన మట్టిని చూచియుందురు. అది బొగ్గు పైనుండి తీసిపెట్టిన నేల.

అట్టి భూములకై 1957లోనే వేరొక శాసనము వచ్చినది: బొగ్గు భూముల సేకరణ, అభివృద్ధి శాసనము. దీని నడక యిట్లుండును. మొదట కేంద్రము ఒక ప్రాంతమున బొగ్గును వెదకుటకు ప్రకటన చేయును. బొగ్గు కలదని తేలినచో, భూమిని తీసికొను ఉద్దేశమును 7వ అంశము క్రింద ప్రకటించును. అప్పటినుండి 30 దినములలో సంబంధము గలవారు ఆక్షేపణ తెలుపవచ్చును. ఆక్షేపణలను వినిన పిదప 9వ అంశము క్రింద సేకరణ ప్రకటన వెలువడును. ఆ క్షణమునుండి భూమి సర్వ బాధ్యతలనుండి విముక్తమై కేంద్రమునకు చెందును. కేంద్రము దానిని ప్రభుత్వ సంస్థకు అప్పగింపవచ్చును. యజమానికి పరిహారము కలదు. తగవు వచ్చినచో ట్రిబ్యునలు కలదు. కాని సమ్మతి యను మెట్టు ఈ నిచ్చెనలో ఎచ్చటను లేదు! "ఈ భూమిలో నేనే బొగ్గు త్రవ్వుకొందును" అనుట ఆక్షేపణగా చెల్లదని గూడ శాసనము స్పష్టముగా చెప్పుచున్నది. అత్యవసరమని ప్రభుత్వము తలచినచో ఆక్షేపణల మెట్టును గూడ దాటవచ్చునని 1971లో సవరణ చేసిరి.

2013 నాటి భూసేకరణ శాసనము ప్రైవేటు సంస్థలకై భూమి తీసికొనునపుడు నూటికి 80 మంది, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యములకై తీసికొనునపుడు నూటికి 70 మంది బాధిత కుటుంబముల సమ్మతిని కోరినది. ఎంతో మేలైన నియమము. కాని బొగ్గు భూముల శాసనమును దాని నాలుగవ షెడ్యూలులో చేర్చి, ఆ నియమమునుండి వెలియుంచిరి. 2015లో కేంద్రము చేసిన ఉత్తరువుచే హెచ్చు పరిహారము, పునరావాసము మాత్రము బొగ్గు భూములకు గూడ వర్తించినవి. సొమ్ము పెరిగినది, "వలదు" అను హక్కు రాలేదు.

మన తమిళనాట నెయివేలిలో లిగ్నైటు గని విస్తరణకై 2023 జూలైలో వళయమాదేవి గ్రామమున పచ్చని పైరు మీద యంత్రములు నడచి కాలువ త్రవ్వినపుడు పెద్ద యలజడి కలిగినది. ఆ భూములను ఏండ్ల క్రిందటనే సేకరించితిమని సంస్థ పలికినది. కాగితము ముందు పోవును. యంత్రము ఎన్నో యేండ్లకు వెనుక వచ్చును. నడుమ రైతు నాటుచునే యుండును. ఇట్టి తావున కాగితము తేదీని గమనించి, గడువులోపల ఆక్షేపణ వ్రాయుటయే యజమాని చేతనున్న పని.

5. ఒక విదేశపు పాఠము

అమెరికాలో కెంటకీ అను రాష్ట్రము తూర్పు భాగము కొండల సీమ. అచ్చటి పేద రైతులచేత 19వ శతాబ్ది చివరను, 20వ శతాబ్ది మొదటను, బొగ్గు కంపెనీల మనుష్యులు ఒక విధమైన దస్తావేజులు వ్రాయించుకొనిరి. వానికి "బ్రాడ్ ఫారం" అని పేరు. పైనేల రైతుదే, లోని ఖనిజమును, దానిని తీయుటకు వలసిన సౌకర్యములను మాత్రము రైతు అమ్మినాడు. ఎకరమునకు వచ్చినది స్వల్పమైన సొమ్ము. చదువురాని పలువురు పేరుకు బదులు ఒక గుర్తు గీసిరి. ఆనాడు బొగ్గు తీయుట యన్న సొరంగమే. కొండనే విప్పి తీయు యంత్రములు వారి యూహలో లేవు.

యాబదేండ్లు గడచినవి. యంత్రములు వచ్చినవి. మనుమల పొలములను, తోటలను త్రవ్వుటకు కంపెనీలు ఆ పాత కాగితములనే చూపినవి. 1956లో కెంటకీ న్యాయస్థానము అట్టి త్రవ్వకము చెల్లునని పలికినది. దానితో రైతులు ముప్పదేండ్లకు పైగా పోరాడిరి. తుదకు 1988లో ఆ రాష్ట్రపు ఓటర్లు తమ రాజ్యాంగమునే సవరించిరి. దస్తావేజు వ్రాసిన కాలమున ఆ సీమలో వాడుకలో నున్న పద్ధతినే అది యుద్దేశించినదని భావింపవలయును; వేరొక పద్ధతికి స్పష్టమైన వ్రాత కావలయును అని దాని సారము. 1993లో అచ్చటి ఉన్నత న్యాయస్థానము దానిని సమర్థించినది.

తాత గీసిన యొక గీత మనుమని పొలమును పోగొట్టెను. ఆ గీతకు అర్థము మార్చుటకు ఒక రాష్ట్రపు ప్రజలందరును ఓటు వేయవలసి వచ్చెను. సమ్మతి పత్రములో "ఏ పద్ధతిలోనైనను", "ఎంత లోతు వరకైనను" అను మాటలున్నచో, ఈ కథను స్మరింపవలయును.

6. తనిఖీ

సమ్మతి గని ద్వారమున నిలుచు కాపరి. ద్వారము తెరచిన పిదప లోపల ఏమి జరుగునో చూచు కాపరి వేరొకడు. అతడే తనిఖీ యధికారి.

1957 నాటి గనుల శాసనము 24వ అంశము అతనికి చాల అధికార మిచ్చినది. ప్రభుత్వముచే నియుక్తుడైనవాడు ఏ గనిలోనైనను ప్రవేశింపవచ్చును. సర్వే చేసి కొలతలు తీయవచ్చును. పేర్చియున్న సరుకును తూచవచ్చును, కొలువవచ్చును. లెక్కల పుస్తకములను తెప్పించి చూడవచ్చును. గనికి సంబంధించిన వారిని ప్రశ్నింపవచ్చును. అనుమతి లేక తీసిన ఖనిజమును గాని, దాని వెలను గాని ప్రభుత్వము రాబట్టుకొనవచ్చును. 2015 సవరణ తరువాత అక్రమ త్రవ్వకమునకు అయిదేండ్ల వరకు ఖైదు, హెక్టారునకు అయిదు లక్షల రూపాయల వరకు జుల్మానా కలదు.

పనివారి ప్రాణములకై వేరొక శాసనముండెను. 1952 నాటి గనుల శాసనము, పగలు గాని రాత్రి గాని ఏ వేళనైనను గనిలో ప్రవేశించి పరీక్షించు అధికారమును ఇన్‌స్పెక్టరున కిచ్చెను. అయితే రాయి, గ్రావెలు వంటి త్రవ్వకములలో లోతు 6 మీటర్లు మించక, పనివారు 50 మందికి మించక, ప్రేలుడు మందు వాడనిచో దానికి పెక్కు నిబంధనలు వర్తింపకుండెను. 2020లో చేసిన వృత్తి భద్రత, ఆరోగ్య స్మృతి 2025 నవంబరు 21వ తేదీనుండి అమలులోనికి వచ్చి ఆ శాసనము స్థానమును ఆక్రమించినది. ఈ తనిఖీ శాఖ 1902లో కలకత్తాలో పుట్టి, కొలది యేండ్లకు ధనబాదునకు మారినది.

పర్యావరణము పక్షమున మరియొక కాపరి యున్నాడు. 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, అయిదు హెక్టార్లకు లోపడిన చిన్న క్వారీలకు గూడ పర్యావరణ అనుమతి వలయునని చెప్పినది. అట్టి అనుమతి పొందినవారు షరతులను పాటించిన తీరును ఏటా జూన్ 1, డిసెంబరు 1 తేదీలకు నివేదింపవలయును. మన రాష్ట్ర నియమముల ప్రకారము జనావాసమునకు 300 మీటర్లలోపల రాళ్ల క్వారీకి కౌలు ఈయరాదు.

ఇన్ని యధికారములున్నను గుంతలు ఎల్ల దాటుచునే యున్నవి. ఏలననగా అధికారి యొకడు, క్వారీలు అనేకములు. అధికారికి కన్నుల వలె పనిచేయువారు ఆ చుట్టుప్రక్కల నున్న రైతులు. మన గనుల శాసనము క్రింది నేరములను న్యాయస్థానము అధికారముగల వ్యక్తి వ్రాసిన ఫిర్యాదుపైననే విచారణకు స్వీకరించును. అనగా రైతు నేరుగా ఈ శాసనము క్రింద కేసు నడపజాలడు, అధికారిని కదలింపవలయును. మౌనముగా కూర్చుండి, "సర్కారు చూచుకొనును" అనుకొన్నచో ఎవరును చూడరు.

ఈ విషయమున అమెరికా వారి 1977 నాటి ఉపరితల బొగ్గు గనుల శాసనము తెలిసికొనదగినది. ప్రభుత్వపు బొగ్గుపై పైనేల ప్రైవేటు రైతుదైనచో, అతని వ్రాతపూర్వకమైన సమ్మతి లేనిదే ఉపరితల త్రవ్వకమునకు కౌలు ఈయరాదని అందు కలదు. నెలకు సగటున ఒక పాక్షిక తనిఖీ, మూడు నెలలకు ఒక సంపూర్ణ తనిఖీ జరుగవలయును. అవి ముందుగా తెలుపక, నియత దినములు లేక జరుగవలయును. మరియు పౌరుడు వ్రాసిన సమాచారముపై తనిఖీ జరిగినచో, ఆ పౌరునికి తెలియజేసి, అధికారితో పాటు గనిలోనికి వచ్చుటకు అతనికి అవకాశ మీయవలయును. సమ్మతి యిచ్చిన చేయియే తనిఖీ ద్వారమును గూడ తట్టవచ్చునని దీని భావము. మనకు అంత స్పష్టమైన హక్కు లేకున్నను, అర్జీ వ్రాయుటకు ఎవరును అడ్డురారు.

7. చేయవలసిన పనులు

సంతకమునకు ముందు:

(అ) పత్రమును ఇంటిలో చదువు వచ్చిన ఇద్దరిచేత వేర్వేరుగా చదివించుకొనవలయును. "ఇది మామూలు కాగితమే" అను మాటను నమ్మరాదు.

(ఆ) సర్వే నెంబరును, ఉపవిభాగమును, విస్తీర్ణమును పట్టాతోను పటముతోను పోల్చవలయును. పట్టాలో హెక్టార్లు, ఏర్లు ఉండును; మనవారి నోట ఎకరములు, సెంట్లు ఉండును. ఒక ఎకరము సుమారు 0.40.5 హెక్టారు, ఒక ఏరు సుమారు రెండున్నర సెంట్లు.

(ఇ) ఎన్ని యేండ్లు, ఎంత లోతు, ఏ దారిన బండ్లు పోవును, తుదకు గుంతను ఏమి చేయుదురు అను నాలుగింటికి పత్రములో సమాధానము లుండవలయును.

(ఈ) ఉమ్మడి పట్టాయైనచో అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు అందరికిని తెలియవలయును. ఒకరి సంతకము అందరికిని చుట్టుకొనరాదు.

(ఉ) ఖాళీలున్న కాగితముపై సంతకము గాని వ్రేలిముద్ర గాని వేయరాదు. ఒక నకలు ఇంటనుండవలయును.

సంతకమునకు పిదప:

(అ) ఎల్లరాళ్లను తేదీతో ఫోటో తీసి యుంచవలయును. రాయి కదలిన తరువాత తీసిన ఫోటో తగవునకు పనికిరాదు.

(ఆ) హద్దు దాటినను, రాత్రి ప్రేలుళ్లు వినబడినను, ఇండ్ల గోడలు బీటలిచ్చినను, బావిలో నీరు తగ్గినను, తేదీ వేసి పుస్తకములో వ్రాయవలయును. పిమ్మట జిల్లా గనుల శాఖకును, తాసిల్దారునకును అర్జీ వ్రాసి రసీదు తీసికొనవలయును. కలెక్టరు కచేరిలో సోమవారములందు ప్రజల ఫిర్యాదులను స్వీకరింతురు.

(ఇ) 2005 నాటి సమాచార హక్కు శాసనము క్రింద కౌలు పత్రము, పర్యావరణ అనుమతి, తనిఖీ నివేదికల నకళ్లను కోరవచ్చును. సాధారణముగా 30 దినములలో సమాధాన మీయవలయును. నివేదిక యొకటియు లేదని వచ్చినచో, ఆ సమాధానమే మన అర్జీకి బలమగును.

8. ఇంటిలో పిల్లలతో చేయదగిన అభ్యాసములు

1. మీ యింటి పట్టాలో 0.81.0 హెక్టారు అని యున్నచో అది ఎన్ని ఎకరములు?

2. తాతగారి దస్తావేజులోని నాలుగు ఎల్లలను పిల్లలచేత చదివించి, పొలమునకు తీసికొనిపోయి ఒక్కొక్కటి చూపుడు. నేడు వానిలో ఏవి మిగిలియున్నవి?

3. బొగ్గు భూముల శాసనములో యజమానికి గల అవకాశమేది? దానికి గడువు ఎన్ని దినములు?

4. కెంటకీ రైతులు సంతకము చేయునపుడు ఏ మాటలు పత్రములో లేకుండిన బాగుండెడిది?

5. "మా గ్రామపు క్వారీ ఎల్ల దాటినది, దయచేసి కొలిపింపుడు" అను విషయమును జిల్లా గనుల శాఖకు అర్జీగా తెలుగున ఒకమారు, తమిళమున ఒకమారు వ్రాయుడు.

అయిదవ అభ్యాసమును ఉభయ భాషలలో ఇచ్చుటకు కారణము చెప్పనక్కరలేదు. ఈ వేసవి సెలవులలో తల్లిదండ్రులు ట్రంకుపెట్టెలను తెరచి, పాత కాగితములను ఎండలో ఆరబెట్టి, పిల్లలచేత ఒక్కసారి చదివింతురుగాక. చదువలేని అక్షరమున్నచో పాఠశాలకు తీసికొనిరండు. మేము కూర్చుండి చదివి చెప్పుదుము.